సముంద్రీ రోడ్డు మీది మొహం

ఆ ఏడు ఎండాకాలం సీజను మొదలయ్యేనాటికి నా దగ్గర ఏమున్నాయో ముందు చెబుతాను. ఫైసలాబాద్ గడియార స్తంభం చుట్టూ ఉన్న బజార్లలో ఒకదానిలో మా నాన్న వదిలివెళ్ళిన కొట్టు. కొట్టు వెనక గోడౌను, అందులో నిరుడు మిగిలిపోయిన సరుకు. ఈ జహూర్ షేక్ అమ్మిన బట్ట ఉతికితే రంగు పోదని ఆడవాళ్ళకి ఉన్న నమ్మకం. ఎదురు కొట్టు హాజీ ముఖ్తార్‌తో చిన్నప్పటి నుంచీ ఉన్న స్నేహం. ఇవి కాక, అప్పుడే అచ్చు వేయించిన కొత్త డిజైను ఒకటి. ఆవపూల రంగు లాన్ బట్ట, దాని మీద తెల్లటి తీగ.

లాన్ అంటే మా ఊరి ఎండాకాలం బట్ట, పల్చటి నూలు. ఎండలు ముదరకముందే ఏ కొట్టు డిజైను ఆడవాళ్ళ నోట పడుతుందో, ఆ కొట్టు ఆ ఏడు బతుకుతుంది. లాహోర్, కరాచీ కంపెనీలు సినిమా తారలకు ఆ బట్ట కట్టి ఊరి నాలుగు దిక్కులా హోర్డింగులు ఎక్కిస్తాయి. మాబోటి వాళ్ళకి ఆ తాహతు లేదు. మేము తల లేని బొమ్మలకి తొడిగి గుమ్మంలో నిలబెడతాం. తల ఎందుకు లేదంటే, కొన్నేళ్ళ కిందట హాజీ ముఖ్తార్ బజారు సంఘానికి ప్రెసిడెంటు అయినప్పుడు, కొట్ల ముందు మనిషి బొమ్మలు పెట్టడం మతానికి విరుద్ధమని మసీదులో మాట వచ్చింది. మేమంతా రంపం తెచ్చి బొమ్మల తలలు కోసేశాం. తల లేకపోతే అది మనిషి బొమ్మ కాదు, ఉత్త కొయ్య. అమ్మకాలు ఏమీ తగ్గలేదు. ఆ సంగతి నా బుర్రలో ఉండిపోయింది.

మా బజారులో కొత్త సరుకు తొలి తాను మేము విప్పం. ఖ్వాజాసిరాలు విప్పుతారు. హిజ్రాలని కూడా అంటారు, కానీ కొట్టులో ఉన్నప్పుడు ఆ మాట ఎవరూ అనరు. వాళ్ళ పెద్ద చందా గురు తన శిష్యురాళ్ళతో వస్తుంది, తాను విప్పి గడప మీద పరుస్తుంది, దువా చేసి దీవిస్తుంది, ఒక జత బట్ట తీసుకుని పక్క కొట్టుకి పోతుంది. ఇంకెవరి దువా ఆగినా వాళ్ళది ఆగదని మా నాన్న నమ్మేవాడు. హాజీ ముఖ్తార్ ఇంకా గట్టిగా నమ్ముతాడు. వాళ్ళు వచ్చిపోయేదాకా ఆయన బోణీ కూడా చెయ్యడు.

ఆ ఏడు కూడా చందా గురు వచ్చింది. గడపలోనే మొదలుపెట్టింది.

"ఏరా జహూర్, ఈసారైనా రంగున్న బట్ట తెచ్చావా? నిరుడు నువ్విచ్చింది వేసుకుని బయటికెళితే, అందరూ జ్వరం ఎన్నాళ్ళ నుంచని అడిగారు."

"విప్పి చూడండి గురూజీ, ఆ తర్వాత తిడుదురుగాని."

విప్పింది. దువా చేసింది. ఆమె వెనక ఒక కొత్త మనిషి నిలబడి ఉంది. పొడుగ్గా, సన్నగా, పాతికేళ్ళుంటాయి. పేరు నాయాబ్. ఆ అమ్మాయి విప్పిన తాను కొసను దుపట్టాలా రెండు వేళ్ళతో పట్టుకుని, అద్దం వైపు చూడకుండా, భుజం మీదికి విసిరింది. అంతే. కొట్టులో బేరమాడుతున్న ఆడవాళ్ళు ముగ్గురూ మాట ఆపారు.

"భాయ్, ఆ భుజం మీదున్నది చూపించు," అంది ఒకావిడ.

"అదే ఇది బాజీ. ఇందాకటి నుంచీ మీ ముందే ఉంది."

"ఇది కాదు. అది."

రెండూ ఒకే తానులోవి. ఒకే తానులో ఒక కొస బంగారంలా, ఒక కొస గుడ్డలా కనిపించిందంటే తేడా బట్టలో లేదని బట్టలమ్మేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నాకు ధర్మం, దయ ఏవీ తట్టలేదు. సినిమా తార దొరకనివాడికి ఆ భుజం దొరికిందని మాత్రం తట్టింది.

నాయాబ్‌కి ఈ బట్ట కట్టి రెండు మూడు హోర్డింగులు వేయిస్తానని అడగడానికి ఆ సాయంత్రమే చందా గురు ఇంటికి వెళ్ళాను. డబ్బు సంగతి గురు మాట్లాడింది. గట్టిగానే మాట్లాడింది. చివర్లో నాయాబ్ నోరు తెరిచింది.

"నాకు ఒక్కటి కావాలి షేక్ సాబ్. హోర్డింగుల్లో ఒకటి సముంద్రీ రోడ్డు మొదట్లో పెట్టాలి. వ్యాన్లు మనుషుల్ని దించుతాయే, అక్కడ."

"అక్కడెవరు కొంటారు? పల్లెటూరి బేరాలు. డి గ్రౌండ్ దగ్గర పెడతాను, పెద్దింటి ఆడవాళ్ళు కార్లలో తిరుగుతారు."

"అన్నీ మీ ఇష్టం. ఇదొక్కటి నా ఇష్టం."

"ఏముందక్కడ?"

నాయాబ్ గురు వైపు చూసింది. గురు చెప్పమన్నట్టు తలూపింది.

"మా అమ్మ సముంద్రీ దగ్గరి ఊరి నుంచి ప్రతి గురువారం దర్గాకి వస్తుంది. ఆ స్టాండులోనే దిగుతుంది. నాకు మీసాలు మొలిచే వయసులో మా నాన్న ఇంట్లోంచి గెంటేశాడు. నాతో మాట్లాడితే అమ్మ కాళ్ళు విరగ్గొడతానన్నాడు. ఆయన అన్నంత పనీ చేస్తాడు. మాట్లాడొద్దన్నాడు, కలవొద్దన్నాడు. రోడ్డు మీద బొమ్మని చూడొద్దని అనలేదు కదా?"

"అమ్మకి తెలిసేదెలా?"

"ఆ వ్యాను డ్రైవరు నాతో చదువుకున్నాడు. తల పైకెత్తి చూడమని అతను చెప్తాడు."

నేను కాసేపు ఆలోచిస్తున్నట్టు గడ్డం నిమురుకున్నాను. నిజానికి ఆ చోటు అద్దె డి గ్రౌండ్‌లో సగం కూడా ఉండదు. ఆ మాట పైకి చెప్పకుండా, ఎంతో కష్టంగా ఒప్పుకున్నట్టు ఒప్పుకున్నాను.

ఫోటో తీసే రోజున ఫోటోగ్రాఫరు కళ్ళు కొంచెం దించమన్నాడు. ఆడపిల్ల సిగ్గు అలా బాగుంటుందన్నాడు.

"దించను," అంది నాయాబ్. "మా అమ్మకి చూపు ఆనదు. నేనే ఆమెను చూడాలి."

ఆ ఫోటోనే వేయించాను. తల మీద ఆవపూల రంగు దుపట్టా, మెడ నుంచి మడమ దాకా నిండుగా బట్ట, తిన్నగా చూసే కళ్ళు. గురువారానికల్లా ఎక్కించాలనుకున్నాం. ఆ రోజు గాలిదుమారం లేచి పనివాళ్ళు నిచ్చెన ఎక్కలేదు. సముంద్రీ రోడ్డు బొమ్మ శుక్రవారం ఎక్కింది. వారం ఎంతసేపట్లో తిరిగొస్తుందిలే అన్నాను.

శనివారం కొట్టులో నిలబడే చోటు లేదు. ఆదివారం ఎవరో కుర్రాడు ఫోనులో వీడియో తీసి, ఫైసలాబాద్ లాన్ పిల్ల ఆడపిల్ల కాదంటూ ఊరంతా పంపాడు. సోమవారం మసీదు మైకులో నా పేరు వినబడింది. దేవుడు చేసిన ఆడనీ మగనీ కలిపి కుట్టి డబ్బు చేసుకుంటున్న వ్యాపారి అన్నారు. మధ్యాహ్నానికి బ్యానర్లతో ఒక గుంపు వచ్చింది. గుమ్మం మీద బురద కొట్టారు. చల్లారిపోతారులే అనుకున్నాను. కానీ మంగళవారం పొద్దున తాండ్లియాన్‌వాలా నుంచీ గోజ్రా నుంచీ టోకున కొనే షావుకార్లు ఫోన్ చేసి, సరుకు పంపవద్దన్నారు. చల్లారేది కాదని అప్పుడు తెలిసింది.

హాజీ ముఖ్తార్ ఆ రోజు తన కొట్టులో టీ తన చేత్తోనే పట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు.

"స్నేహితుడిగా వచ్చాను జహూర్. సంఘం ప్రెసిడెంటుగా రావాల్సొస్తే ఈ టీ ఉండదు."

"ఏం తప్పు చేశాను హాజీ సాబ్? మెడ కనబడిందా, చెయ్యి కనబడిందా? లాహోర్ వాళ్ళ బొమ్మల కంటే నిండుగా ఉంది."

"అదే కదా గొడవ! వాళ్ళని చూస్తే మొహం తిప్పుకుంటాం. దీన్ని చూసి మా కోడలు ఎంత బాగుందో అంది. ఎవరో తెలిశాక ఇంట్లో మాట లేదు. మనవడు అడుగుతున్నాడు, 'దాదా, అబ్బాయిలు ఇలా కూడా అవ్వొచ్చా' అని. ఏం చెప్పమంటావు వాడికి? నువ్వైతే ఏం చెప్తావు?"

ఆయన కపటంగా అడగలేదు. రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను టీ తాగాను.

అప్పుడే చందా గురు లోపలికి వచ్చింది. ఆమె ఇంటి తలుపు మీద కూడా రాళ్ళు పడ్డాయి. ఇంటివాడు ఖాళీ చేయమన్నాడు. అది చెప్పడానికి వచ్చి, హాజీ మాట గుమ్మంలో విన్నది.

"ఆ మనవడేనా హాజీ సాబ్? పుట్టిన ఆరో రోజున నా ఒళ్ళో పెట్టి, 'గురూ, వీడికి ఆయుష్షు పొయ్యి' అన్నావే, ఆ మనవడేనా? అప్పుడు నా మొహం చూసి వాడు చెడిపోలేదే!"

హాజీ లేచి నిలబడ్డాడు. "దువా వేరు, రోడ్డు వేరు. ఇంటికి రా, దీవించు, తిను, తీసుకుపో. ఎవరు వద్దన్నారు? గోడెక్కి కూర్చోవద్దనే కదా మేమంటున్నాం."

"గడప దాకా రావచ్చు, గోడ మీదికి రాకూడదు. మాకు చోటు కూడా గజం బద్దతో కొలిచి కోసిస్తున్నావు. బట్టల కొట్టువాడివనిపించావు."

హాజీకి నవ్వొచ్చింది, నవ్వు మింగేశాడు. గురు నా వైపు తిరిగి, "నువ్వేమంటావురా?" అంది.

నేను ఖాళీ టీ కప్పు తీసి పక్కన పెట్టాను. ఆమె కాసేపు చూసి వెళ్ళిపోయింది.

గుమ్మంలో తల లేని బొమ్మ నిలబడి ఉంది. దాని మెడ మీద నా కళ్ళు పడ్డాయి. ఆలోచన నాకే వచ్చింది, ఇంకొకరు ఇవ్వలేదు.

"హాజీ సాబ్, గొడవ మొహంతోనే కదా? మొహం తీసేస్తే?"

ఆయన ఆగాడు. "అంటే?"

"మెడ పైన పూలగుత్తి అచ్చు వేయిస్తాను. బట్ట ఉంటుంది, మొహం ఉండదు. తల లేకపోతే అది మనిషి బొమ్మే కాదు. మీరే కదా కోయించారు."

హాజీ గడ్డం పట్టుకుని ఆలోచించాడు. "మౌల్వీ సాబ్‌కి నేను చెప్పుకుంటాను. షావుకార్లకి కూడా నేనే ఫోన్ చేస్తాను. శుక్రవారం నమాజుకి ముందు తీసెయ్. శుక్రవారం దాకా ఎవడూ నీ కొట్టు ముట్టుకోకుండా నేను చూసుకుంటాను. నా పూచీ."

మంగళవారం నుంచి శుక్రవారం దాకా అంటే, మధ్యలో గురువారం ఉంది. ఆ సంగతి నాకు వెంటనే తట్టింది. హాజీకి తెలియదు. నేను చెప్పలేదు. మన చేతిలో ఎంతుందో ఎదుటివాడికి ముందే చూపించకపోవడం నాకు నాన్న నేర్పిన మొదటి పాఠం.

ఆ రోజే, అదే పాఠంతో, నాయాబ్ దగ్గరికి కూడా వెళ్ళాను. దారిలో అంతా సిద్ధం చేసుకున్నాను. ముందు, రేపే మొహం తీసేస్తున్నానంటాను. ఆమె ఏడుస్తుంది, తిడుతుంది. సరేలే, కళ్ళు మాత్రం ఉంచుతానంటాను. అదీ కుదరదంటుంది. అప్పుడు చివరి మాటగా, నీ కోసం గురువారం సాయంత్రం దాకా ఉంచుతాను, నా కొట్టు ఏమైనా సరే అంటాను. నేనేదో పెద్ద మేలు చేసినట్టు ఉంటుంది, ఆమెకు కావలసిందీ దొరుకుతుంది. ఇద్దరం సంతోషంగా లేస్తాం. మా బజారులో ఏ బేరమైనా ఇలాగే నడుస్తుంది.

గురు ఇంట్లో సామాన్లు మూటలు కడుతున్నారు. నాయాబ్ నాకు పీట వేసింది. నేను మొదటి మాట చెప్పాను.

"తీసేయండి," అంది.

ఇంకేమైనా అంటుందని చూశాను.

"మీ కొట్లో అంతమంది పనిచేస్తున్నారు. గుమ్మం మీద బురద చూశాను. తీసేయండి షేక్ సాబ్. నన్ను తీసేయడం నాకేమన్నా కొత్తా?"

"మరి... మీ అమ్మ?"

"అమ్మ ఇన్నేళ్ళు చూడలేదు. ఇంకా చూడదు. అంతే కదా."

నా జన్మలో ఎవరు చెప్పిన మొదటి ధరా నేను ఒప్పుకోలేదు. మొదటి మాటకే దిగిపోయేవాడి దగ్గర కొనకూడదు, సరుకులోనో మనిషిలోనో ఎక్కడో చిరుగు ఉంటుంది, ఆగి చూడాలి. అది నాకు తెలుసు. ఆ రోజు ఆగలేదు. నేననుకున్నదాని కంటే చౌకగా తేలిపోయిందని లోపల ఎక్కడో తేలికపడ్డాను.

"నువ్వు మంచిదానివమ్మా," అన్నాను. లేచాను.

కొనేవాళ్ళు మెట్లు దిగుతుంటే మేము వెనక్కి పిలుస్తాం. అసలు ధర తేలేది అక్కడే. ఆమె గుమ్మం దాకా వచ్చింది. పిలుస్తుందేమోనని మెట్ల మీద కొంచెం నెమ్మదిగానే దిగాను. ఆమె పిలవలేదు. నా జేబులో ఉన్న రెండు రోజులూ నా జేబులోనే ఉన్నాయి.

బుధవారం పొద్దున్నే పనివాళ్ళని పంపించాను. ఎలాగూ ఒప్పుకుంది, ఇంక ఆలస్యం దేనికి, త్వరగా తీస్తే షావుకార్లు త్వరగా తిరిగొస్తారు. వాళ్ళు ఒక్కో ఫ్లెక్సీ మీద గడ్డం కింద నుంచి బ్లేడుతో కోసి, ఆ చోట తెల్ల గులాబీల గుత్తి అతికించారు. కోసిన మొహాలు ఏం చేయమంటారని అడిగారు. పారేయవద్దన్నాను. దళసరి ఫ్లెక్సీ, వానాకాలంలో గోడౌనులో బేళ్ళ మీద కప్పడానికి పనికొస్తుంది.

గురువారం మధ్యాహ్నం హాజీ ముఖ్తార్ మళ్ళీ నా బల్ల మీద కూర్చుని ఉన్నాడు. షావుకార్లు ఆర్డర్లు మళ్ళీ ఇచ్చారు. ఇద్దరం నవ్వుకుంటున్నాం. అప్పుడు బూడిద రంగు చాదర్ కప్పుకున్న ఒక పొట్టి ముసలావిడ గుమ్మంలో చెప్పులు విప్పింది. కొట్లో ఎవరూ చెప్పులు విప్పరు.

"బాబూ, సముంద్రీ రోడ్డు మీద బొమ్మ మీదేనా? వ్యాను డ్రైవరు చదివి చెప్పాడు, ఈ కొట్టు పేరే ఉందంట."

"మాదేనమ్మా. ఆ జత చూపించనా?"

"మొహమేదీ?"

నేను బల్ల మీది తాను మడతపెట్టసాగాను. ఆమె నేను వినలేదనుకుంది.

"పూలున్నాయి బాబూ. మొహం ఉంటుందన్నాడు డ్రైవరు. నిన్న పొద్దున్న కూడా ఉందంట, వాడు చూశాడంట. పూల వెనకాల ఉందేమోనని కాసేపు నిలబడ్డాను. నాకు చూపు సరిగా ఆనదు."

"అది... నిన్న మార్చామమ్మా."

"నేను గురువారమే వస్తాను," అంది ఆమె, తప్పు తనదే అన్నట్టు. "మిగతా రోజులు రానివ్వరు."

హాజీ చేతిలో తస్బీ పూసలు తిప్పడం ఆపేశాడు. ఆయన తెలివితక్కువవాడు కాదు. ఆమె మొహం చూశాడు, నా మొహం చూశాడు. గొంతు తగ్గించి, "ఆ పిల్ల తల్లా?" అన్నాడు.

నేను తలూపాను.

"ఇవాళ వస్తుందని నీకు తెలుసా?"

మళ్ళీ తలూపాను.

"నేను శుక్రవారం అన్నాను కదా జహూర్," అన్నాడు హాజీ. "శుక్రవారం అన్నాను. బుధవారమే ఎందుకు కోశావు?"

ఆయన టీ అలాగే వదిలేసి, ఆమె పక్క నుంచి జరిగి, రోడ్డు దాటి తన కొట్లోకి పోయాడు.

నేను చందా గురుకి ఫోన్ చేశాను. నాయాబ్‌ని వెంటనే పంపమని అడగాలి. రిక్షాలో వస్తే ఎంతసేపు.

"దేన్ని పంపమంటావురా? పొద్దున్న బండికే కరాచీ పంపేశాను. ఈ ఊళ్ళో దాని మొహం తెలిసిపోయిందిగా, నీ పుణ్యమా అని. బజారుకి పోతే వెంటపడుతున్నారు."

"తల్లి వచ్చింది గురూజీ. నా కొట్లో ఉంది."

గురు ఫోన్ పెట్టేసింది.

ఆమెను గోడౌనులోకి తీసుకెళ్ళాను. సముంద్రీ రోడ్డు ఫ్లెక్సీ అప్పటికే నిరుటి బేళ్ళ మీద తిరగేసి కప్పి ఉంది. లాగి, నేల మీద పరిచి, మూలల్లో గజం బద్దలు పెట్టాను. గది వెడల్పంతా మొహమే అయింది. రోడ్డు మీద అంత ఎత్తున మామూలుగా కనిపించిన కళ్ళు, నేల మీద చాప అంత ఉన్నాయి. పైకప్పు వైపు చూస్తున్నాయి.

ఆమె అంచున కూర్చుంది. ముందు ఏమీ పోల్చుకోలేకపోయింది, మరీ పెద్దది కదా. వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది. అప్పుడు చూసింది.

"నా బిడ్డ ఎంత పెద్దయిందీ," అంది.

చాదర్ కొంగుతో బుగ్గ మీది దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. చెయ్యి అందే మేర తుడిచి, జరిగి, మళ్ళీ తుడిచింది.

"కాటుక తిన్నగా పెట్టుకుంది చూశావా. చిన్నప్పుడు నా కాటుక డబ్బీ ఎత్తుకుపోయి వంకరటింకరగా పెట్టుకొచ్చేది. నేను కడిగేసేదాన్ని, వాళ్ళ నాన్న వచ్చే లోపల. సబ్బు కళ్ళల్లో పడి ఏడ్చేది. కడగకుండా నేర్పించి ఉంటే అయిపోయేది."

నేను బేలు మీద కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె అడిగింది.

"మళ్ళీ నిలబెడతావా బాబూ దీన్ని, అక్కడ?"

"చూస్తానమ్మా."

"బజారులో చూస్తానంటే ఏమిటో నాకు తెలుసులే," అంది. కోపంగా అనలేదు.

వ్యాను వేళయింది. ఆవపూల రంగు జత ఒకటి కట్టి ఇవ్వబోయాను. వద్దంది. ఇంట్లో ఎక్కడ దాస్తానంది. చాదర్ కొంగు ముడి విప్పి, దర్గాలో పంచిన చక్కెర బతాసాలు గుడ్డపేలికలో మూటకట్టి నా చేతిలో పెట్టింది.

"వస్తే ఇవ్వు. ఇవంటే పడి చచ్చేది."

ఆ తర్వాత ఆమె మా కొట్టుకి రాలేదు. కొన్ని గురువారాలు నేను సముంద్రీ స్టాండుకి వెళ్ళాను. ఆ డ్రైవరు రూటు మార్చుకున్నాడన్నారు.

ఆ సీజనులో ఆవపూల రంగు ఒక్క తాను మిగల్లేదు. నిరుటి సరుకు కూడా దాని వెంట పోయింది. పూలగుత్తి మొహం చూసి బజారంతా అదే పద్ధతి పట్టారు. ఇప్పుడు ఏ కొట్టు ఫ్లెక్సీ చూసినా మెడ పైన గులాబీయో, చంద్రవంకో, కొట్టు పేరో ఉంటుంది. జహూర్ షేక్ తెలివని మెచ్చుకుంటారు.

మరుసటి ఏడు తొలి తాను గడప మీద పెట్టి కూర్చున్నాను. చందా గురు డోలు చప్పుడు బజారు మొదట్లో వినబడింది. ఒక్కో కొట్టూ దాటి వచ్చింది. నా గుమ్మం ముందు ఆగకుండా హాజీ ముఖ్తార్ కొట్లోకి వెళ్ళింది. బయటికి వచ్చాక నేను రోడ్డుకి అడ్డం వెళ్ళాను.

"గురూజీ, శాపం పెట్టారా నాకు?"

"శాపమా? నీకు శాపం ఎందుకురా దండగ. దువా చెయ్యడం మానేశాను, అంతే."

"హాజీ కొట్టుకి వెళ్ళారే! గొడవ మొదలైంది ఆయన దగ్గర కాదా?"

"ఆయన నన్ను గోడ ఎక్కొద్దన్నాడు. మొదటి నుంచీ అదే అన్నాడు, ఇప్పుడూ అదే అంటాడు. నువ్వు నిచ్చెన వేసి ఎక్కించావు. హాజీయే చెప్పాడురా నాకు, రెండు రోజులు నీ దగ్గరే ఉన్నాయంట. ఆ పిల్ల అడగలేదని ఇవ్వలేదా?"

"అడుగుతుందనుకున్నాను."

"అడిగి అడిగి అలిసిపోయినవాళ్ళురా మేము," అంది చందా గురు. డోలు మళ్ళీ మొదలైంది, ఆమె పక్క కొట్లోకి పోయింది.

నాయాబ్ ఎక్కడుందని నేను అడగలేదు. అడిగినా చెప్పేది కాదు. ఆ తాను నేనే విప్పుకున్నాను.

ఇక తేలిందేమిటంటే, కొట్టు నిలిచింది. గోడౌను ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. జహూర్ అమ్మిన రంగు పోదని ఆడవాళ్ళు ఇంకా నమ్ముతున్నారు. హాజీ ముఖ్తార్ ఇప్పటికీ నా బల్ల మీద కూర్చుంటాడు, టీ మాత్రం తన కొట్లోనే తాగి వస్తాడు. ఆ ఫ్లెక్సీని బేళ్ళ మీద కప్పడం మానేశాను. వాన కారినా సరే, చుట్టి, కలరా ఉండలు వేసి అటక మీద పెట్టించాను. బతాసాలు డబ్బాలో ఉన్నాయి, చీమలు పట్టకుండా మూత బిగించి. ఒక పెద్ద మొహం, ఒక చిన్న మూట. తీసుకోవలసిన మనిషి ఎక్కడుందో తెలియకుండా ఈ రెండూ నా దగ్గర ఉండిపోయాయి.